ఏటవాలు కోత

చేపల కొట్టు కునియో ఎవరినీ క్షమించడు. ఆ సంగతి ఓఫునాతో అనే ఆ రేవులో అందరికీ తెలుసు. ఒకసారి ఐసు తక్కువ వేసి చేపలు తెచ్చిన పడవవాడి దగ్గర ఆయన మళ్లీ కొనలేదు. ఆ పడవవాడు పోయాడు, ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు, అయినా కొనడు. భార్య ఫుమియే చనిపోయినప్పుడు మంత్రాలు గబగబా చదివి ముగించిన గుడి గురువు ఎదురైతే, ఇప్పటికీ తల తిప్పుకుని పోతాడు.

ఈ ఏడాది సన్మాలు, చలి ముందు వచ్చే ఆ సన్నటి పొడుగు చేపలు, దిగేసరికి ఆయన కోపం హరుయో మీదికి మళ్లింది.

హరుయోకి ఎనభై దాటాయి. రేవు వెనక వీధిలో ఒకప్పుడు ఆడవాళ్లకు జుట్టు కత్తిరించి, ఉంగరాలు తిప్పే కొట్టు నడిపేది. సముద్రం ఊళ్లోకి వచ్చిన ఏడాది ఆ కొట్టు కొట్టుకుపోయింది. ఆ తర్వాత కొండవైపు ప్రభుత్వం కట్టించిన ఇళ్లలో, మూడో అంతస్తులో ఒక్కతే ఉంటోంది. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు.

ఫుమియే ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ హరుయో వారం వారం బస్సెక్కి వెళ్లి ఆమె తల కడిగింది. మంచం కొసన బేసిను పెట్టుకుని, మెడ కింద చెయ్యి వేసి, పసిపిల్లకు పోసినట్టు నీళ్లు పోసేది. ఎవరూ అడగలేదు. కడగడానికి జుట్టంటూ పెద్దగా మిగలని రోజున కూడా వెళ్లి కడిగింది.

కునియోకి మంచి మాట చెప్పడం చేతకాదు. నోరు తెరిస్తే కసురే వస్తుంది. ఊరికే ఇస్తే ఆమె పుచ్చుకోదు. కాబట్టి ఆమె కొనడానికి వచ్చినప్పుడల్లా, పెట్టెలో అడుగున దాచిన మంచి చేప తీసి ముందు పడేసేవాడు. ఆమె దాన్ని తిప్పి చూసి వంక పెట్టేది. ఈయన కసిరేవాడు. ఆమె ఇంకో వంక పెట్టి తీసుకుపోయేది. ఫుమియే పోయాక వాళ్లిద్దరి మధ్య మాటంటూ ఉంటే అదే. చేప లేకపోతే ఆయన దగ్గర హరుయోతో చెప్పడానికి ఇంకే మాటా లేదు.

అలాంటి మనిషి, సన్మాలు దిగి ఇన్నాళ్లయినా కొట్టు మెట్టు ఎక్కలేదు. పైగా అవతలి వైపు నుంచి నడిచి పోతోంది. చేతిలో స్టేషన్ పక్క సూపర్ మార్కెట్ సంచి.

కునియో కత్తి చెక్క మీద గట్టిగా దిగింది.

"బావా, చెక్క తెగుతుంది" అంది తాయెకో. ఫుమియే చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. ఫుమియే పోయాక పొద్దుటి పూట కొట్టులో కూర్చుని చేపలు కట్టి ఇస్తుంది. ఆమె నోటికి జడిసే కొందరు మధ్యాహ్నం వచ్చి కొంటారు.

"నా చెక్క."

"ఎవరి మీద?"

"ఎవరి మీదా లేదు. సూపర్ మార్కెట్ చేప తినేవాళ్ల మీద నాకెందుకు కోపం. కడుపునొప్పి వస్తే వాళ్లకే వస్తుంది."

"హరుయో అక్క మీదన్నమాట."

"అక్క లేదు, చెల్లెలు లేదు. ఆ సంచి పట్టుకుని నా గడప తొక్కితే నీళ్లు చల్లుతాను."

తాయెకో మర్నాడు పొద్దున పార్కులో అందరితో కలిసి వ్యాయామం చేసి, అక్కడ తెలుసుకోవలసింది తెలుసుకుని వచ్చింది. ఏప్రన్ కట్టుకుంటూ చెప్పింది.

"అక్క ఇంట్లో పొయ్యి తీసేశారు."

"ఎవరు?"

"కొడుకు. ఎండాకాలంలో చేమదుంపలు ఉడకబెట్టి కునుకు తీసిందట. గిన్నె మాడి, పొగ నిండి, కప్పు మీది పొగ గంట మోగింది. కింది అంతస్తువాళ్లు తలుపు బాదారు. మొరియోకా నుంచి కొడుకు కారేసుకుని వచ్చి గ్యాస్ పొయ్యి పీకించి, గొట్టానికి మూత బిగించి పోయాడు. ఇప్పుడు అన్నం వండే కుక్కరూ, మైక్రోవేవూ, అంతే. సన్మా దేని మీద కాల్చుకోమంటావు, అరచేతిలోనా?"

కునియో కత్తి తుడిచాడు.

"మరి ఆ సంచిలో ఏముంది?"

"డబ్బాలు."

"ఏం డబ్బాలు?"

తాయెకో ఏప్రన్ ముడి మళ్లీ బిగించుకుంది. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. "సన్మా డబ్బాలు" అంది చివరికి.

రేవులో పుట్టి పెరిగిన మనిషి, పచ్చి సన్మాలు పెట్టెల్లో మెరుస్తుండగా, డబ్బాలో ఉడికిన సన్మా తింటోంది. కునియో చాలాసేపు ఐసు సర్దాడు. సర్దిన ఐసునే మళ్లీ సర్దాడు.

"నాతో ఒక మాట చెప్పొచ్చుగా" అన్నాడు.

"నీతోనా? గిన్నె మాడ్చుకున్నదానికి చేపెందుకు అంటావు."

ఆయన అనేవాడే. సరిగ్గా ఆ మాటే అనేవాడు.

ఆ మధ్యాహ్నం కొట్టు వెనక బొగ్గుల పొయ్యి రాజేసి, ఉన్నవాటిలో లావుపాటి సన్మా ఏరి కాల్చాడు. ఈ మధ్య సన్మాలన్నీ కరువులో పుట్టినట్టు వస్తున్నాయి. అందులో లావుపాటిది ఏరడమంటే పెట్టెలన్నీ తిరగేయడమే. పళ్లెంలో పెట్టి, మూత వేసి, గుడ్డ చుట్టి, మూడంతస్తులు ఎక్కి బెల్లు కొట్టాడు.

హరుయో తలుపు తీసి పళ్లెం చూసింది. ఆయన్ని చూడలేదు.

"ఏంటిది?"

"కనబడటం లేదా? సన్మా."

"కాల్చి తెచ్చావా?"

"పచ్చిది నమలలేవుగా."

హరుయో మూత ఎత్తి చూసింది. దార్లో ఆవిరి పట్టి చేప తోలు మెత్తబడింది. నూనె అంచున గడ్డకట్టింది. ఆమె మూత మళ్లీ మెల్లగా పెట్టేసింది.

"నేనింకా ఎవరో వండి తెస్తే తినే స్థితికి రాలేదు కునియో. పైగా సన్మా చిటపటలాడుతుండగా తినాలి. చల్లారిన సన్మా పిల్లికి పెట్టమని నాకు చెప్పింది నువ్వే."

"ఎప్పుడు చెప్పాను?"

"ఎప్పుడూ అదే చెబుతావు. దిగేటప్పుడు మెట్లు చూసుకో, మూడోది విరిగింది."

తలుపు వేసుకుంది. గట్టిగా వేయలేదు. గట్టిగా వేసినా బాగుండేదనిపించింది ఆయనకు. మెట్ల కింద నిలబడి ఆ సన్మా తనే తిన్నాడు. ఆమె అన్నది నిజమే, చల్లారిపోయింది. మోసుకెళ్లి పెట్టి లాభం లేదు. ఆమె ఇంట్లో, ఆమె చేత్తో, మంట లేకుండా కాలితే తప్ప ఆమె తినదు.

ఆ మాట తాయెకోతో అంటే ఆమె లోపలికి పోయి, అటక మీంచి ఒక పెట్టె దించింది. అట్ట ఇంకా విప్పలేదు. పైన బొమ్మలో వెడల్పాటి నల్ల పెనం, పొట్టి కాళ్లు, మూత. మైక్రోవేవ్‌లో పెట్టి చేప కాల్చుకునే పెనం.

"ఇదెక్కడిది?"

"కొన్నప్పుడల్లా ఇచ్చే స్టిక్కర్లు కార్డు మీద అంటిస్తే ఊరికే ఇచ్చారు."

"ఎవరు?"

"ఎవరైతే ఏం?"

"సూపర్ మార్కెట్టా? నా కొట్టులో కూర్చుంటూ నువ్వు అక్కడ కొంటున్నావా?"

"టాయిలెట్ కాగితాలు కొంటాను బావా. నువ్వు అమ్మితే నీ దగ్గరే కొంటాను."

కునియో పెనాన్ని తిరగేసి చూశాడు. అడుగున ఏదో నల్లటి పూత. ఆ పూతకు ఓవెన్‌లో వేడెక్కే గుణం ఉందట. పెనం వేడెక్కితే పైన చేప కాలుతుందట. బొగ్గు లేదు, మంట లేదు. ఆయనకు అది చేపలంటే తెలియనివాడు చెప్పిన కబురులా వినిపించింది.

కొట్టు మూశాక ఇద్దరూ వెనక గదిలో కూర్చున్నారు. అక్కడ టీ వేడిచేసుకునే పాత మైక్రోవేవ్ ఉంది. కునియో ఒక సన్మా తీసి, తోకకు, రెక్కలకు దిట్టంగా ఉప్పు పట్టించాడు. మాడకుండా తోకకు చక్కగా అల్యూమినియం ఫాయిల్ చుట్టాడు. ఆయన తండ్రి అలాగే చుట్టేవాడు. పండగ చేపలకు ఊరంతా ఆయన దగ్గరికే వచ్చేది. చేప పెనం కంటే పొడవుంది. వంచి, మూల నుంచి మూలకు ఇరికించి, మూత నొక్కాడు.

మీట నొక్కాడో లేదో లోపల మెరుపులు. పటపటమని శబ్దం. గది దీపం ఆరిపోయింది. కొట్టులో చేపలను చల్లగా ఉంచే మిషను కూడా ఆగిపోయింది.

చీకట్లో తాయెకో నవ్వు వినబడింది.

"ఫాయిల్ చుట్టి మైక్రోవేవ్‌లో పెట్టే చేపలవాడు ప్రపంచంలో నువ్వొక్కడివేనేమో."

"తోక మాడితే ఎవడు తింటాడు?"

"తోక ఎవరూ తినరు బావా. ఎప్పుడూ ఎవరూ తినలేదు."

ఆయన గోడ తడుముకుంటూ వెళ్లి పడిపోయిన కరెంటు మీట ఎత్తాడు. ఫాయిల్ తీసేసి మళ్లీ పెట్టాడు. ఈసారి చేప ఉడికిన గుడ్డలా తెల్లగా వచ్చింది. తోలంతా పెనానికే అంటుకుపోయింది. ఇంకోటి పెట్టాడు. పొట్ట టప్పున పేలి, తీయకుండానే కాల్చే చేదు పేగులన్నీ మూతకు తగులుకున్నాయి. కునియోకి ఒళ్లు మండింది. సన్మాకు రుచంటూ ఉంటే సగం ఆ చేదులోనే ఉంది. దాన్ని మూత పాలు చేసే పనిముట్టు చేపలకు పుట్టిన శత్రువు.

"తీసి బయట పారెయ్" అన్నాడు.

"పారేస్తాను. అక్క డబ్బాలు తింటుంది."

ఆయన కూర్చుండిపోయాడు. తర్వాత పెనాన్ని కడిగాడు. తడి పోయేదాకా తుడిచాడు.

మర్నాడు సాయంత్రం మళ్లీ కూర్చున్నారు. ఖాళీ పెనాన్ని ముందు బాగా వేడెక్కించాలని తాయెకో చెప్పింది. చేప తడి లేకుండా కాగితంతో అద్దాలని ఆయనకే తోచింది. తోలు మీద రెండు వైపులా గాట్లు పెడితే పొట్ట పేలడం మానింది. చేప పొడవు మాత్రం లొంగలేదు. వంచితే నడుము దగ్గర తోలు చిట్లి, ఒకవైపు మాడి, ఇంకోవైపు పచ్చిగా ఉంటోంది.

"సగానికి కొయ్యి" అంది తాయెకో.

"సన్మాను సగానికి కొయ్యను."

"ఎందుకు?"

"మా నాన్న కొయ్యలేదు."

"మీ నాన్నకు మైక్రోవేవ్ లేదు."

కునియో కత్తి పట్టుకుని చాలాసేపు చేప వంక చూశాడు. సన్మా అంటే పళ్లెంలో తల ఎడమకు పెట్టుకుని కొస నుంచి కొసకు పడుకోవాలి. సగం సన్మా పెట్టిన ఇల్లు పరువు లేని ఇల్లు. ఆయన చిన్నప్పుడు అలా అనేవారు. ఆయనా అలాగే అన్నాడు ఇన్నేళ్లూ, కొనడానికి వచ్చిన కొత్త కోడళ్ల ముఖం మీదే.

నిట్టనిలువుగా కోస్తే పొట్ట మధ్యలో తెగి చేదంతా కారిపోతుంది. అందుకని పొట్ట దాటాక కత్తి ఆనించి, ఏటవాలుగా దించాడు. రెండు ముక్కలు పెనంలో పక్కపక్కన, ఒకటి అటూ ఒకటి ఇటూ తిరిగి చక్కగా సర్దుకున్నాయి. మూత వేశాడు. లోపల చిటపటలాడింది. తిరగేసి మళ్లీ పెట్టాడు. తీసేసరికి తోలు మీద నల్లటి చారలు, అంచున నూనె బుడగలు.

పళ్లెంలో కోతకు కోత ఆనించి పెట్టాడు. తల ఎడమకు, తోక కుడికి. కోత ఏటవాలుగా ఉంది కాబట్టి దగ్గరికి జరిపితే గాటులాగే కనబడింది. చేప మళ్లీ ఒక్కటిగా ఉంది.

తాయెకో చాప్‌స్టిక్స్‌తో కొంచెం తీసుకుని నోట్లో వేసుకుంది. బావ ముఖం చూసి, చెప్పకుండా ఇంకొంచెం తీసుకుంది.

"చెప్పు."

"తినేదాకా ఆగు."

ఆమె మొత్తం తినేసింది. అప్పుడు ఆయనకు తెలిసింది.

తర్వాతి రోజు పచ్చి సన్మా ఒకటి కోసి, రెండు ముక్కలూ ఐసు మీద పెట్టుకుని, పెనం చంకన పెట్టుకుని, మూడంతస్తులు ఎక్కాడు.

హరుయో పెనం వైపు చూసింది.

"మళ్లీ ఏంటి?"

"పెనం. ఓవెన్‌లో పెట్టేది. నువ్వే కాలుస్తావు. నేను ముట్టుకోను."

"నన్ను మంట దగ్గరికి పోవద్దన్నారు."

"ఇందులో మంట ఎక్కడుంది? చూపించు."

ఆమె వంటగదిలోకి దారి ఇచ్చింది. పొయ్యి ఉన్నచోట ఖాళీ. గోడకు గొట్టం మూత తెల్లగా కొత్తగా మెరుస్తోంది. పక్కన కడిగి బోర్లించిన ఖాళీ డబ్బాలు. కునియో వాటిని చూడనట్టు నిలబడ్డాడు. అది ఆయనకు చాలా కష్టమైన పని.

హరుయో సన్మా ముక్కలను చూసింది.

"కోశావే. నువ్వు."

"కోశాను."

"ఏం వచ్చింది నీకు?"

"పెనం చిన్నది. కబుర్లు తర్వాత. ముందు పెనం ఒక్కటే పెట్టి వేడెక్కించు."

ఆమె పెనం లోపల పెట్టింది. మీట మీద వేలు పెట్టి ఆగిపోయింది.  

"ఆ రోజు పొయ్యి వెలిగించిన సంగతే గుర్తులేదు కునియో" అంది మెల్లగా. "మాడిన వాసన కూడా నాకు తెలియలేదు. తలుపు బాదేదాకా ఏమీ తెలియలేదు. మా వాడు తిట్టలేదు. తిట్టినా బాగుండేది."

కునియో ఓవెన్ వైపు గడ్డంతో చూపించాడు. తెలిసిన ఒక్కటే అన్నాడు.

"ఇది నువ్వు మర్చిపోయినా దానంతట అదే ఆగుతుంది. గంట కొట్టి మరీ ఆగుతుంది. కావాలంటే పెట్టి నిద్రపో."

"సన్మా పెట్టుకుని నిద్రపోతారా ఎవరైనా?"

"చేమదుంపలు పెట్టుకుని పోతారు."

హరుయో ఆయన వంక తీక్షణంగా చూసింది. తర్వాత పెదవి చివర కదిలింది. మీట నొక్కింది.

చేతులు వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు కునియో. ఆమె చేపను కాగితంతో అద్దింది. చెయ్యి ఎత్తుగా పట్టుకుని, వేళ్ల సందుల్లోంచి ఉప్పు రాల్చింది. ఆయనైతే ఇంకొంచెం వేసేవాడు. అనలేదు. వేడి పెనం మీద ముక్కలు పెట్టగానే సుయ్యిమంది. ఆ చప్పుడుకు ఇద్దరూ ఒకేసారి తల ఎత్తారు.

గంట కొట్టింది, ఆగింది. ఆమె గుడ్డతో పట్టుకుని తీసి, తిరగేసి, మళ్లీ పెట్టింది. వంటగదిలో సన్మా వాసన నిండింది. కాలిన తోలు వాసన, నూనె వాసన. పొగ మాత్రం లేదు. హరుయో ఎందుకైనా మంచిదని కప్పు మీది పొగ గంట వంక చూసింది. అది నోరు మెదపలేదు.

ఆమె నంచుకోవడానికి ముల్లంగి తురిమింది. పళ్లెంలో ముక్కలు పెట్టి, చూసి, కోతకు కోత ఆనించి దగ్గరికి జరిపింది. తల ఎడమకు. అలా పెట్టమని ఆయన చెప్పలేదు.

"బొగ్గు మీద కాల్చినట్టు లేదు" అంది మొదటి ముద్ద తిని.

"లేదు."

"పొగ వాసన లేదు."

"పొగ వస్తే మీవాడు మళ్లీ కారేసుకుని వస్తాడు."

"ఉప్పు చాల్లేదు."

"వేసింది నువ్వు."

ఆమె పొట్ట దగ్గరి చేదు భాగాన్ని చాప్‌స్టిక్స్‌తో విడదీసి నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుని నమిలింది. కునియో ఆమె నోటి వంకే చూశాడు.

"చేదు ఉంది" అంది ఆమె.

ఆయన కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు.

హరుయో తోక ముక్క ఆయన వైపు తోసింది. "తిను. నా ఒక్కదానికి ఎక్కువ."

"ఎక్కువేం కాదు, ఈ ఏడాది చేపలు పుల్లల్లా ఉన్నాయి."

"తినమంటుంటే. ఫుమియే తోక వైపే ముందు తినేది."

"తల వైపు నాకు వదిలేది" అన్నాడు కునియో. "చేదు ఆమెకు ఇష్టం లేక కాదు. ఇష్టమే."

"నాకు తెలుసు" అంది హరుయో. "చెప్పింది."

ఎప్పుడు చెప్పిందో ఆయన అడగలేదు. ఆస్పత్రిలో, తల కడిగించుకుంటూ చెప్పి ఉంటుంది. ఇద్దరూ తిన్నారు. ఆమె పళ్లెంలో ముల్లు దువ్వెనలా శుభ్రంగా మిగిలింది.

"పెనం తీసుకుపో" అంది.

"నాది కాదు. తాయెకోది. ఆమెతో తేల్చుకో, నీకు ధైర్యం ఉంటే."

మర్నాడు పొద్దున కొట్టు ముందు నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉండగా హరుయో వచ్చింది. వచ్చి తిన్నగా పెట్టె ముందు నిలబడింది. వెనక నిలబడమని అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"సన్మా. పెనానికి సరిపోయేట్టు, ఏటవాలుగా" అంది.

"ఏటవాలుగానా?" అంది వెనక నిలబడ్డ కటకామి ఇంటి కోడలు. "సన్మాను కొయ్యనని పోయిన ఏడు నన్ను తిట్టారుగా మీరు?"

"తిట్టాను" అన్నాడు కునియో.

"మరి ఇప్పుడు?"

"నిన్ను ఇప్పుడూ తిడతాను."

తాయెకో కాగితం చింపుతూ నవ్వు ఆపుకుంది. హరుయో పెట్టెలోకి వంగి, తళతళలాడుతున్న ఒకదాని మీద వేలు పెట్టింది.

"ఇదివ్వు."

"అది వద్దు" అన్నాడు కునియో. "అది నిన్నటిది."

 కటకామి ఇంటి కోడలు అప్పటికే కొని చేతిలో పట్టుకున్న పొట్లం వంక చూసుకుంది. మిగతా వాళ్లు పెట్టె వంక చూశారు.

"మరి మాకిచ్చినవో?" అంది ఆ కోడలు.

కునియో వినలేదు. పెట్టె అడుగుకంటా చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు.